సూట్‌కేసులో మెమరీ కార్డు
ఒమన్‌లోని సోహార్‌లో మా రూమ్‌లో చోటు చాలక సూట్‌కేసులన్నీ బయట రేకుల కింద పేర్చుకునేవాళ్లం. చనిపోయిన నా భార్య నవ్వుతూ మాట్లాడిన వీడియో ఉన్న మెమరీ కార్డును నా సూట్‌కేసులోనే దాచాను. ఫోన్‌లో ఉంటే ఎవడైనా కొట్టేస్తాడని భయం. శుక్రవారం శుక్రవారం తాళం లాగి చూసుకోవడమే తప్ప, ఏళ్ల తరబడి దాన్ని బయటికి తీయలేదు.

మొన్న ఆ వీడియో చూద్దామని తీసి మొబైల్ షాపులో ఇచ్చాను. షాపులోని నిజామాబాద్ తమ్ముడు నా ముఖం చూడకుండా చెప్పాడు: "ఏం లేదన్నా ఇండ్ల. ఏండ్లకేండ్లు ఊకె పెడితే దాంట్ల చార్జి పోతది, వేడికి ఇంకా జల్ది పోతది. అప్పుడప్పుడు వేరేదాంట్ల ఎక్కించుకోవాలె."

"మళ్ల చార్జింగ్ పెడితే రాదా?" అని అడిగాను. తల అడ్డంగా ఊపాడు.

నా జాగ్రత్త పాడుగాను. దొంగ ఎత్తుకుపోయి తన ఫోన్‌లో ఎక్కించుకున్నా, ఆ నవ్వు ఎక్కడో ఒకచోట ఉండేది.