వీపు మీద మట్టి

నా చిన్నప్పుడు ఒక ఆదివారం మా నాయన కుడి చేయి విరిగింది. పాదిరి దొర ఇచ్చిన పాత చెప్పులు వేసుకుని, చర్చి నుంచి పెద్దవీధిలో నడిచి రావడమే ఆయన చేసిన తప్పు. మా పేటవాళ్ళు ఆ వీధి దాటేదాకా చెప్పులు చేత్తో పట్టుకోవాలి. ఊళ్ళో పెద్ద రైతు ఒకాయన అరుగు దిగి వచ్చి చేతికర్రతో బాదాడు. నాయన అడ్డం పెట్టిన చేయి మోచేతి దగ్గర విరిగి, ఎన్ని కట్లు కట్టించినా మళ్ళీ తిన్నగా రాలేదు. మా ఇంట్లో అందరి కడుపులూ నిండేది ఆ చేతి కష్టంతోనే.

అప్పుడు నాకు పదకొండేళ్ళు. కత్తిసాము నేర్చుకుని ఆ రైతును పొడవాలన్నది తప్ప నాకు వేరే ధ్యాస లేదు. రాజంపేటలో ఒక ముసలి ఉస్తాదు తాలింఖానా నడుపుతున్నాడనీ, కుస్తీ, కర్రసాము, కత్తిసాము మూడూ నేర్పుతాడనీ విన్నాను. అన్నం మానేసి మా తాతను సతాయించాను. కొడుకు చేయి ఎటూ పోయింది, మనవడు ఉరికంబం ఎక్కుతాడేమోనని ఆయన భయం. కానీ తీసుకుపోకపోతే నేనే పారిపోతానని కూడా ఆయనకు తెలుసు. ఒక రోజు తెల్లవారుజామున నన్ను లేపి, తలగుడ్డ చుట్టుకున్నాడు.

అది కరువు సంవత్సరం. దారి పొడవునా చెట్లకు ఆకు లేదు. తాత నాలుగు చోట్ల కూలబడ్డాడు. ఇప్పుడు నాకూ ఆ వయసు వచ్చింది గనుక చెబుతున్నాను, ఆ రోజు ఆయన్ని నడిపించింది కాళ్ళు కావు, మొండితనమే.

ఉస్తాదు గోడకు ఆనుకుని మోకాళ్ళకు ఆముదం రాసుకుంటున్నాడు. ఆయనా తాత అంత అలిసిపోయిన మనిషే. తాత అలవాటు ప్రకారం వాకిట్లోనే నిలబడితే, లోపలికి పిలిచి చాప చూపించాడు. తాత ఆ చాప అంచున కూర్చుని మా ఊరి సంగతి, నాయన సంగతి చెప్పి, చివరికి ఒక్కటే అడిగాడు.

"వీడు బతికుండే విద్య ఏదన్నా ఉంటే నేర్పప్పా. నాకింక ఓపిక లేదు."

ఏది నేర్చుకుంటావని ఉస్తాదు నన్ను అడిగాడు. కత్తి అన్నాను. నాలాంటి పిల్లలు ఆయన దగ్గరికి చాలామందే వచ్చి ఉంటారు, ఏమీ ఆశ్చర్యపోలేదు. మోకాలు రుద్దుకుంటూనే అన్నాడు.

"మీ నాయనను ఆ రైతు కర్రతోనే ఎందుకు కొట్టినాడు బేటా? చేత్తో ఎందుకు కొట్టలేదు?"

నేను తాత వైపు చూశాను. ఉస్తాదే చెప్పాడు.

"ముట్టుకుంటే మైల అని గదా. కొట్టేదానికి గూడా ముట్టుకోలేదు. కర్ర పట్టినా, కత్తి పట్టినా నువ్వూ దూరం నుంచే కొడతావు. కుస్తీ అట్ల కాదు. ముట్టుకోకుండా పట్టు పట్టేదానికి కాదు. కుస్తీ నేర్చుకో."

నాకు ఏడుపొచ్చింది. అంత దూరం నడిచి వచ్చింది కుస్తీ కోసం కాదు. తాత మాత్రం అప్పటికే నా చొక్కా విప్పుతున్నాడు.

గోదాలో ఆముదం, మజ్జిగ, పసుపు కలిపి తవ్విన ఎర్రమట్టి ఉంది. నలుగురైదుగురు పిల్లలు గోచీలతో నిలబడి ఉన్నారు. వాళ్ళలో ఒకణ్ణి చూసి నా ఒళ్ళు బిగుసుకుపోయింది. నాయనను కొట్టిన రైతు చిన్నకొడుకు. రాజంపేటలో మేనమామ ఇంట్లో ఉండి చదువుకుంటున్నాడు. నా వంక చూడగానే వాడికీ నేనెవరో తెలిసిపోయింది.

ఆ తాలింఖానాలో ఒక ఆచారం ఉండేది. కొత్తగా దిగినవాడి వీపుకు పాతవాడు గోదా మట్టి పూయాలి. ఆ తర్వాతే పట్టు. ఉస్తాదు ఇంతమందిలో వాణ్ణే పిలిచాడు. వాడు గుప్పెడు మట్టి తీసుకుని నా వెనక నిలబడ్డాడు, అంతే, కదల్లేదు. నేను పళ్ళు బిగబట్టుకుని ఎదురుచూశాను. గడప దగ్గర తాత తలగుడ్డ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"మట్టి పుయ్యనోడు ఈ గోదాలో ఉండేదానికి లేదు," అన్నాడు ఉస్తాదు, గొంతు పెంచకుండానే. "ఇష్టం లేకుంటే బట్టలేసుకొని పో నాయనా. నేనేమీ అనుకోను."

చాలాసేపటికి నా వీపు మీద ఒక చేయి పడింది. మొదట వేళ్ళు, తర్వాత అరచెయ్యి. మెడ నుంచి నడుము దాకా మెల్లగా పూశాడు. వాడి చేయి వణకడం నాకు తెలిసింది. ఆ తర్వాత రెండు నిమిషాల్లో నన్ను ఎత్తి పడేశాడనుకోండి, అది వేరే సంగతి.

పట్టు అయిపోయాక వాడు నీళ్ళతొట్టి వైపు నడిచాడు. నేను పడ్డచోటు నుంచి లేవకుండా వాడి చేతులనే చూశాను. నన్ను ముట్టుకున్న మైల కడుక్కుంటాడు, రేపే కత్తి పట్టాలి అనుకున్నాను. వాడు చెంబుతో నీళ్ళు ముంచి, ఆ మట్టి చేత్తోనే పుడిసిలి పట్టి తాగాడు.

నేను ఉస్తాదు దగ్గరే ఉండి కుస్తీ నేర్చుకున్నాను. వాడు వచ్చింది మరో నాలుగు రోజులే. ఇంట్లో తెలిసి మాన్పించారు. తర్వాత ఊళ్ళో ఎదురుపడితే తల తిప్పుకునేవాడు. నాకు కోపం రాలేదంటే అబద్ధం. మా నాయన చనిపోయేదాకా ఎడమచేత్తోనే అన్నం తిన్నాడు. ఆ వీధిలో చెప్పులతో నడవడానికి మాకు ఇంకా చాలా ఏళ్ళు పట్టింది. ఒక పుడిసెడు నీళ్ళతో లోకం ఏమీ మారలేదు.

నేర్చుకున్న పట్లన్నీ మరిచిపోయాను. ఇప్పుడు మంచం మీద నుంచి లేవడమే నాకొక కుస్తీ. కానీ ఈ బతుకులో కత్తి అందుకోవాలనిపించిన రోజులు ఒకటి రెండు కాదు, చాలా వచ్చాయి. ప్రతిసారీ నా వీపు మీద వణుకుతూ ఆ చేయి పడేది, నేను ఆగిపోయేవాణ్ణి.