చీమలు ఎక్కని గోనెపట్టా

మాణిక్యం ఇంట్లో చీమ కనిపించిందంటే అది దారి తప్పి వచ్చిందనుకోవాలి. కొత్తకోడలిగా గోదావరి జిల్లా నుంచి కంప్లి దగ్గరి ఆంధ్రా రైతుల క్యాంపుకు వచ్చిన నాటి నుంచీ ఆమె చేతిలోంచి చీపురు దిగలేదు. ఎలుకకు బోను, బొద్దింకకు చెప్పు, చీమకు తడిగుడ్డ. పొలం మందు డబ్బా గడప దాటి రాకూడదు. తెస్తే మొగుణ్ణయినా వాకిట్లోనే నిలబెట్టేది.

అందుకే కోడలు బిందుశ్రీకి ఆ ఇల్లంటే ధీమా. కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసిన పిల్ల. కూతురు తనూజ పాకడం మొదలెట్టగానే ఫినాయిల్, బ్లీచింగు అన్నీ అటకెక్కించింది.

ఆ ఉదయం తనూజ వంటింట్లో బెల్లంముక్క జారవిడిచింది. గడప అవతల నుంచి చీమలు బారు కట్టాయి. మధ్యలో కాళ్లు తుడుచుకునే గోనెపట్టా. అవి దాని దాకా వచ్చి, ఆగి, అంచు వెంట చుట్టూ తిరిగి పోతున్నాయి. బిందుశ్రీ పట్టాను కాస్త పక్కకు లాగింది. బారు కూడా పక్కకు జరిగింది.

"అత్తయ్యా, ఇవి పట్టా ఎక్కట్లేదేంటి?"

"నాకు భయపడి," అంది మాణిక్యం, చేట పక్కన పెట్టి తనూ కూర్చుంటూ. "చీమల్ని కాపలా కాయడానికా అమ్మాయ్ అంత చదివింది?"

"ఇది దేని సంచండీ?"

"నారుమడికి గుళికల మందు ఇసకలో కలిపాం చూడు, ఆ సంచే. పారెయ్యడమెందుకని కాలవలో ఉతికి ఎండేశా. వాసన కూడా లేదు."

"వాసన పోయింది. మందు పోయినట్టు లేదు అత్తయ్యా."

తనూజ పట్టా అంచు పట్టుకుంది. బిందుశ్రీ ఒక్క ఉదుటున పిల్లను ఎత్తుకుని చేతులు సబ్బుతో కడిగింది. మాణిక్యం మొహం పాలిపోయింది. పడగ్గదిలోకి పరుగెత్తి, పిల్ల పరుపు కింద తడి పీల్చడానికని తనే పరిచిన రెండో సంచిని లాగి తెచ్చింది.

"రెండూ ఒకేసారి ఉతికానమ్మా," అంది.

ఆసుపత్రికి పోయే ఆటోలో మాణిక్యం కళ్లు తుడుచుకుంటూనే ఉంది. ఆటో నడిపే కెంచప్ప అద్దంలో చూశాడు. "ఏందమ్మా, పాప నగుతాండాది, మీరేల ఏడ్చేది?"

కంప్లి డాక్టరు పిల్లను పరీక్షించి, ఇప్పటికి భయం లేదన్నాడు. చొంగ ఎక్కువగా కారినా, వాంతయినా వెంటనే తీసుకురమ్మన్నాడు.

ఇంటికి రాగానే మాణిక్యం సంచుల్ని పొయ్యిలో పెట్టబోయింది.

"వద్దు, ఆ పొగ మనమే పీలుస్తాం. కాలవలోనూ వద్దు."

ప్లాస్టిక్ కవరులో మూటగట్టి, పొలం షెడ్డులో మందు డబ్బాల పక్కన పెట్టి తాళం వేశారు. దుప్పట్లు ఉతికారు, పిల్ల పరుపు మార్చారు. మాణిక్యం గడప దగ్గర సబ్బునీళ్లతో తుడిచింది. మళ్లీ తుడిచింది. అయినా మనసు కుదుటపడలేదు. డబ్బాలోంచి బెల్లంముక్క తీసి, పట్టా ఉన్నచోటే పెట్టి, మోకాళ్ల మీద గడ్డం ఆనించి కూర్చుంది.

చాలాసేపటికి ఒక చీమ వచ్చింది. తడి ఆరిన గచ్చు మీద ఆగింది. మీసాలు ఆడించింది.

"రా తల్లీ," అంది మాణిక్యం, ముందుకు వంగి. "రా, లోపలికి రా."