రబ్బరు గొట్టంలో వినబడిన గొంతు

దయ్యాలు ఉన్నాయని నేనెప్పుడూ నమ్మలేదు. ఇప్పుడూ నమ్మను. బళ్లారిలో నలభై ఏళ్లు మోటారు మెకానిక్‌గా బతికినవాణ్ణి. ఏ చప్పుడుకైనా ఒక కారణం ఉంటుంది, విప్పి చూస్తే దొరుకుతుంది అనుకునే పనిచేశాను. ఒక్క చప్పుడుకు మాత్రం కారణం దొరకలేదు.

అరవైల మొదట్లో మాట. కౌల్ బజార్ చివర నాకొక రేకుల షెడ్డు ఉండేది. కూరెకుప్ప వైపు ఇనుపరాయి తవ్వించే కాంట్రాక్టరు ఒకాయన పెద్ద అమెరికా కారు కొన్నాడు. ఎనిమిది సిలిండర్ల ఇంజన్. ఆయనకు వేగమంటే పిచ్చి. మద్రాసులో ఎవరిచేతనో సిలిండర్లను మూసే ఇంజన్ హెడ్ల అడుగు అరగదీయించి, రెండు కార్బరేటర్లు పెట్టించి దాని బలం పెంచాడు. కారు గాలిలా పోయేది. కానీ నూనె తాగేది. యాభై మైళ్లకు ఒక సేరు ఇంజన్ ఆయిలు మాయమయ్యేది. వెనక నీలం పొగ.

పిస్టన్ రింగులు మార్చాను. తగ్గలేదు. వాల్వు గైడ్లు మార్చాను. తగ్గలేదు. కంప్రెషన్ చూస్తే ఎనిమిదింటిలోనూ బాగుంది. అయినా మధ్యలో ఉన్న రెండు ప్లగ్గులు ఎప్పుడు విప్పినా నూనెలో ముంచి తీసినట్టు ఉండేవి.

మూడోసారి కారు వెనక్కి వచ్చినప్పుడు కాంట్రాక్టరు బజారులో నలుగురూ వినేట్టు అన్నాడు.

“ఏనప్పా, కొత్త రింగులు ఏసినావా, పాతవే కడిగి ఏసినావా? రేపు పొద్దుగూకే లోపల పొగ నిలబడకపోతే బండి బెంగళూరుకు పోతాది. నీ పనెట్లాంటిదో గనుల్లో అందరికీ చెప్తా.”

నా దగ్గరికి వచ్చే లారీలన్నీ ఆ గనులవే. మా తమ్ముడు ఓబులేసు కూడా ఆయన గనిలోనే గడ్డపార పని చేసేవాడు. కాంట్రాక్టరు వెళ్లిపోయాక మళ్లీ బానెట్ ఎత్తాను.

మర్నాడు పొద్దున పదకొండు గంటలప్పుడు ఆయన డ్రైవరు మస్తాన్ సీట్లో కూర్చుని ఇంజన్ నడిపిస్తున్నాడు. నేను బానెట్ కింద వంగి ఉన్నాను. పెట్రోలూ గాలీ కలిసి సిలిండర్లలోకి పోయే దారి ఉంటుంది. దాన్ని మానిఫోల్డ్ అంటాం. ఆ ఇంజన్‌లో అది రెండు వరసల సిలిండర్ల మధ్య మూతలా కూర్చుంటుంది. దాని ప్యాకింగ్ ఎక్కడైనా వదులైతే అక్కడ గాలి పీలుస్తుంది, సన్నగా ఈల వస్తుంది. ఆ ఈల పట్టడానికి గజం పొడవు రబ్బరు గొట్టం ఒక కొన చెవికి పెట్టుకుని, రెండో కొనను అతుకు వెంబడి జరుపుతూ వినాలి.

పైనంతా వెతికాను. ఈల లేదు. ఇంకేమీ తోచక గొట్టం కొనను ఆయిలు పోసే బెజ్జంలోకి దించాను.

ఇంజన్ మోత ఒక్కసారిగా దూరమైపోయింది. మస్తాన్ ఆపేశాడేమోనని తల తిప్పి చూశాను. ఆపలేదు. ఫ్యాన్ నా ముఖం ముందే తిరుగుతోంది. చెవిలో మాత్రం మనిషి గొంతు. నోట్లో ఏదో కుక్కుకుని మాట్లాడినట్టు ముద్దగా ఉంది.

“కిందన్నా... కింద.”

నాకు భయం వేయలేదు. రెండు రోజులుగా నా తలలో ఆ ఇంజన్ తప్ప ఇంకేమీ లేదు. నా బుర్రే నాతో మాట్లాడిందనుకున్నాను.

“ఆఁ, చూస్తాండాలేరా. రోంత ఉండు” అన్నాను పైకే.

మస్తాన్ కిటికీలోంచి తల బయటపెట్టాడు. “ఎవురితో అన్నా మాట్లాడేది?”

“ఇంజన్‌తో” అని నవ్వాను.

మోత మళ్లీ మామూలుగా వినబడింది. నేను గొట్టం పక్కన పడేసి, లోపలి ఆవిరి బయటికి పోయే గొట్టాన్ని గుడ్డతో మూసి, ఆయిలు బెజ్జం మీద అరచెయ్యి పెట్టాను. మామూలుగా అయితే లోపలి గాలి చేతిని పైకి తోయాలి. ఇది నా చేతిని లోపలికి లాగింది. మానిఫోల్డ్ పైఅంచు బాగానే ఉంది. హెడ్లు అరగదీయడం వల్ల వాటి మీద ఆనే దాని అడుగు అంచు సరిగ్గా కూర్చోలేదు. ఆ సందులోంచి ఇంజన్ తన ఆయిలు తానే పీల్చుకుంటోంది.

నా సంతోషం ఇంతా అంతా కాదు. ఇంజన్ ఆపించి మానిఫోల్డ్ విప్పదీశాను. అడుగున ఆ రెండు సిలిండర్ల దగ్గరే నల్లటి తడి. గుడ్డతో తుడుచుకుంటూ, అంచులు ఆకురాయితో రాసుకుంటూ రెండు గంటలు కూర్చున్నాను.

అప్పుడు గని లారీ వచ్చి షెడ్డు ముందర ఆగింది. దాని డ్రైవరు దిగకముందే అరిచాడు.

“మట్టి ఇరిగి పడింది! ఓబులేసు కనపడలేదప్పా!”

“ఎప్పుడు?”

“పదకొండు గంటలప్పుడు.”

మస్తాన్ నా వైపు చూశాడు. నేను ఎవరితో మాట్లాడుతున్నానని అడిగింది అతనే. నాతోపాటు లారీ ఎక్కాడు.

మేము చేరేసరికి నలభై మంది గనిలో మెట్లుగా చెక్కిన కొండ పైమెట్టు మీద తవ్వుతున్నారు. మేస్త్రీ చేయి చూపించాడు. “ఈడే నిలబడి ఉండె. ఈడే ఉండాల.”

“ఈడ కాదు. కింద తవ్వండి” అన్నాను.

“కింద యాడ? నీకెట్ల తెలుసప్పా?”

కొండ వాలున జారిన ఎర్రమట్టి అడుగున బండల దగ్గర కుప్పపడి ఉంది. అక్కడికి పరుగెత్తాను. మేస్త్రీ మనుషులను కదలనివ్వలేదు. పైన ఆపితే మనిషి చస్తాడన్నాడు. ఆయన మాటలోనూ న్యాయముంది. నేను తప్పైతే నా తమ్ముణ్ణి నేనే చంపినట్టు. మస్తాన్ ఒక్కడే ప్రశ్న వేయకుండా పార తెచ్చి నా పక్కన తవ్వడం మొదలుపెట్టాడు. తర్వాత ఇద్దరు వచ్చారు. తర్వాత ఆరుగురు.

అరగంటకు చెయ్యి కనబడింది. పెద్ద బండ ఒకటి ఏటవాలుగా ఆనుకుని, దాని కింద గంపంత ఖాళీ మిగిలింది. వాడి తల ఆ ఖాళీలో ఉంది. కుడికాలు నుజ్జయింది. ఊపిరి ఉంది.

బళ్లారి ఆసుపత్రిలో మూడో రోజు మాట్లాడాడు.

“నోట్లోకి మట్టి పోయిండె. ఒక్కసారే పిలిచినా అన్నా. నువ్వు పలికినావు కదా. చూస్తాండాలేరా, రోంత ఉండు అన్నావు. ఇంక బయపడల్యా. ఉంటి.”

ఆ మాట నేను ఎవరికీ చెప్పలేదు. మస్తాన్‌ను అడిగితే తాను ఆసుపత్రికే రాలేదని ఒట్టేశాడు. తవ్వేవాళ్లలో ఎవరైనా అలా అని ఉండవచ్చని అందరినీ వెతికి అడిగాను. ఎవరూ అనలేదు. షెడ్డుకూ గనికీ మధ్య ఇరవై మైళ్లు.

తర్వాత అంచులు సరిచేసి మానిఫోల్డ్ బిగించాక కారు పొగ ఆగిపోయింది. కాంట్రాక్టరు బజారులో నా భుజం తట్టాడు. ఓబులేసుకు కాలు అతికింది కానీ పొట్టిదైపోయింది. తర్వాత సత్యనారాయణపేటలో చిన్న టీ అంగడి పెట్టుకున్నాడు. వచ్చినవాళ్లకల్లా చెప్పేవాడు. “మా అన్న పలికినాడప్పా. పలికి, పని యాడిదాడ ఇడిసి వచ్చినాడు.”

ఆ గొంతు ఎలా వచ్చిందో, నా మాట ఎలా పోయిందో నాకు ఈనాటికీ తెలియదు. తెలిసినట్టు చెప్పేవాళ్లను నేను నమ్మను. కానీ పలికిన తర్వాత రెండు గంటలు నేను ఇనుము తుడుస్తూ కూర్చున్నానని, ఆ మాట ఇంజన్‌తో అన్నానని వాడికి చెప్పలేకపోయాను. చెప్పాలని అంగడికి చాలాసార్లు వెళ్లాను. ప్రతిసారీ వాడు టీ ముందుగా నాకే పోసేవాడు. తాగి వచ్చేసేవాణ్ణి.