బాయిలర్లో పాము

ఈ పొద్దున టీ గిన్నె అడుగున పేరుకున్న తెల్లటి పెచ్చును చెంచాతో తట్టాను. టంగుమనలేదు, మొద్దుగా మోగింది. ఆ మోతకు దేవసహాయం బాబాయి గుర్తొచ్చాడు.

అరవైల మొదట్లో పిడుగురాళ్ల దగ్గర ఒక సున్నపురాయి క్వారీలో ఆయన ఫిట్టరు, నేను హాజరు గుమాస్తాను. అక్కడి చిన్న పట్టాల మీద రాళ్ల తొట్లు లాగే బుల్లి ఆవిరి ఇంజనును, లారీలు వచ్చాక మూలన పడేశారు. మా నీళ్లు తాగి తాగి దాని బాయిలర్ నిండా సున్నమే. బాబాయి రోజూ పని దిగాక వెళ్లి, సుత్తితో తట్టి, చెవి ఆనించి, మొద్దుగా మోగిన చోటల్లా పెచ్చు గీకేవాడు. ఆయన చెవి ఎంత పదునంటే, గురజాలలో చెంబు పడితే ఇత్తడిదో కంచుదో ఇక్కణ్ణుంచే చెప్పేవాడు. సరే, గురజాల కాదు, పక్క వీధి.

యజమాని ఇంజనును పాత ఇనుము కింద అమ్మబోయాడు. బాబాయి బతిమాలితే, శనివారానికల్లా నడిపి చూపిస్తే ఉంచుతానన్నాడు. బుధవారమే చిలకలూరిపేట నుంచి కొనేవాడు దిగాడు. బేరం కుదిరితే ఇక గడువెక్కడిది? బాయిలర్లో తాచుపాముల జంట కాపురముంటోందని అతని చెవిలో వేశాను. ఇంజనును ముట్టుకోకుండానే వెళ్లిపోయాడు.

నేను మురిసిపోయాను. కానీ అది నాగుల చవితి వారం. ఆ మాట చెవిన పడి, మర్నాటికల్లా రాళ్లు కొట్టే ఆడవాళ్లు పొగగొట్టంలో పాలు పోసి, కోడిగుడ్లు వేసి దణ్ణాలు పెట్టారు. శనివారం నిప్పు వెయ్యమంటే బొగ్గు మనిషి ససేమిరా అన్నాడు. పిల్లలు గలవాణ్ణి, పామును కాల్చిన పాపం నాకొద్దన్నాడు. యజమాని గడియారం చూసుకుంటున్నాడు.

బాబాయి చేతికంటిన గుడ్డు సొన తుడుచుకుంటూ, మెల్లిగా అన్నాడు. "పామును పెట్టింది నువ్వు. నువ్వే తియ్యాల."

"లేని పామును ఎట్టా తీసేది బాబాయ్?"

"లేదని చెప్పరా. అందరూ ఇనేట్టు చెప్పు."

పాము అబద్ధమని అందరి ముందూ ఒప్పుకుని, నమ్మకం కుదరాలని ఇంజను పొయ్యిలోకి నడుము దాకా దూరాను. లోపల చీకటి, మసి. నిజం చెప్పొద్దూ, నా పామంటే నాకే భయమేసింది. మసి మొహంతో బయటికొస్తే రాళ్లు కొట్టే కోటమ్మత్త నిలదీసింది. "ఏందిరా, మా గుడ్లన్నీ ఇనపముక్కకు పెట్టించావా?"

ఆ నవ్వుల్లోనే బొగ్గు మనిషి నిప్పు వేశాడు. మధ్యాహ్నానికి ఆవిరి పుట్టింది. మాడిన గుడ్ల వాసన క్వారీ అంతా చిమ్ముకుంటూ ఇంజను రెండు తొట్లను లాగింది. కొనేవాణ్ణి ఇక రావద్దని యజమాని కబురంపాడు. బాబాయి నన్ను మెచ్చుకోలేదు, తిట్టనూ లేదు. మొహం తుడుచుకొమ్మని తన తువ్వాలు ఇచ్చాడు.

నా కథల్లో ఇప్పటికీ పాముల్ని పెడుతూనే ఉంటాను. కాకపోతే వినేవాళ్లు లేచి వెళ్లేలోగా, నేనే లోపలికి దూరి, ఒక్కోదాన్నీ బయటికి తీసేస్తాను.