మేడం అడిగింది పన్నెండు నిమిషాలే

పది కావాలంటే ఇరవై అడగాలి. అవతలివాడు సగానికి కోస్తే ఏడుపు మొహం పెట్టుకుని ఒప్పుకోవాలి. బట్టల దుకాణం వాళ్లింట్లో ఈ విద్య మాటలతో పాటే వస్తుంది. ఆ తెలివితోనే నేనొకామె రెండేళ్ల కష్టాన్ని మంటగలిపాను.

తెలంగాణ ఇంకా రాని రోజులు. ఉక్రెయిన్‌లో చదువుకున్న మా ఊరి డాక్టర్ని పెళ్లాడి ఆ దేశపు ఆమె నారాయణఖేడ్ వచ్చింది. మా దుకాణం మీది గదిలో ఎనిమిది మంది ఆడపిల్లలకు బ్యాలే నేర్పేది. మునివేళ్ల మీద నిలబడి చేసే ఆ నాట్యాన్ని మా వైపు ఎవరూ చూసి ఎరగరు. పిల్లల్ని మానిపిస్తామని ఇళ్లలో గొణుగుతున్నారు. ఒక్కసారి కళ్లారా చూస్తే ఆ గొణుగుడు ఆగిపోతుందని ఆమె ఆశ. తయారైంది పన్నెండు నిమిషాల నాట్యం.

ఊళ్లో ఒక సేటు తన ఫంక్షన్ హాలు వార్షికోత్సవం చేస్తున్నాడు. ఆ వేదిక మీద మా మేడంకు సమయం ఇప్పించే బేరానికి నేను వెళ్లాను.

"సేటూ, మాకు గంట కావాలె." పావుగంటకు కోస్తాడని నా లెక్క.

"గంటనే గద? తీస్కో బిడ్డా! నాకు గూడ జనం గావాలె."

ఎక్కువ అడిగానని చెప్పడానికి నాకు నామోషీ. మేడం దగ్గర గొప్పలు పోయాను.

"నేను పన్నెండు అడగమన్న," అందామె.

"మిగిలింది నేను చూసుకుంటా మేడం."

నాకంటే ముందు సేటే చూసుకున్నాడు. గంట నిండేలా డీజేని పిలిచాడు.

పిల్లలు ఆరో నిమిషంలో ఉండగా ముందు వరుసలోంచి సేటు బావమరిది అరిచాడు. "ఏందిది, కొంగలు నడిసినట్టు? గంట గిట్లనేనా? పాట పెట్టుండ్రి!"

సేటు చెయ్యి ఊపాడు. టేపులోని పియానో ఆగిపోయి సినిమా పాట మోగింది. ఈలలు. పిల్లలు మునివేళ్ల మీదే బిగుసుకుపోయారు.

"ఎగురుండ్రి బిడ్డా, సిగ్గేంది!" అన్నాడు సేటు.

మేడం వేదికెక్కి వాళ్లను చేతులు పట్టుకుని దించేసింది. సేటు నావైపు తిరిగాడు. "గంట నువ్వే అడిగినవ్ గద! మధ్యల పోతే ఎట్ల?" చుట్టూ నవ్వులు.

ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. నాయకుడి కోసం మూడు గంటలు ఎండలో కూర్చునే జనం వీళ్లు! పసిపిల్లలకు ఇంకో ఆరు నిమిషాలు ఇవ్వలేకపోయారు.

తర్వాతి వారం మీది గదికి ఇద్దరే వచ్చారు. మేడం ఆ ఇద్దరితోనే మొదటి అడుగు నుంచి మొదలుపెట్టింది. నన్ను ఏమీ అనలేదు. తిట్టి ఉంటే ఎదురు వాదించి, నా తప్పును సగానికైనా దించుకునేదాన్ని.