రంపపు అంచు చాకు

పని మీద కాకినాడ నుంచి వెళ్లి, నాచారంలో ఆటో కోసం నిలబడ్డాను. ఎదుట ఒక బైక్ గక్కున ఆగింది. వెనక కూర్చున్న అమ్మాయి చున్నీ చక్రంలో చుట్టుకుని మెడకు బిగుసుకుంది. పరుగెత్తి నా మడతచాకు తీశాను. దాని నున్నటి అంచు బట్ట మీద జారిపోయింది.

ఇంతలో ఫ్యాక్టరీ నుంచి వస్తున్న ఒకావిడ తన చాకు తెరిచింది. దాని అంచు రంపంలా ఉంది. రెండుసార్లు లాగగానే చున్నీ తెగింది. అమ్మాయి దగ్గుతూ ఊపిరి పీల్చుకుంది.

"ఇలాంటి చాకు ఎందుకమ్మా నీకు?" అని ఆవిడను అడిగాను.

"ప్యాకింగ్ పట్టీలు కోస్త అన్న. జామకాయకైతే నీదే మంచిగుంటది."

"మరి నేనేది కొనుక్కోవాలి?"

"రోజూ ఏం కోస్తవో గది సూస్కో."

నేను రోజూ కోసేది జామకాయలే. అయినా ఆ సాయంత్రం ఉప్పల్‌లో రంపపు అంచుదే కొన్నాను.