దొరసాని పటానికి కూర్చున్న మూడు రోజులు

దయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. గొర్రెల మంద వెంట చీకట్లో వాగులు దాటి పెరిగినదాన్ని. పొద చాటున ఏదో కదిలిందని ఇంటికి ఉరికొచ్చేవాళ్లను చూసి నవ్వేదాన్ని. ఇది కూడా దయ్యం పని అని నేననను. జరిగింది చెబుతాను, అంతే.

యాభైలలో మాట. కొల్లాపూర్ దగ్గర మా ఊరి దొర తన భార్య పటం గీయించాలనుకున్నాడు. హైదరాబాదు నుంచి రంగుల పటాలు వేసే ఆయన వచ్చాడు. దొరసానికి ఘోషా, పరాయి మగవాడి ఎదుట కూర్చోదు. ముఖం ఫోటో చూసి వేస్తాడట, ఒంటికి మాత్రం ఎవరో ఒకరు కావాలట. దొర ఉండే గడిలో పనిచేసే ఆడవాళ్లలో ఆమె ఎత్తూ ఒళ్లూ ఉన్నది నేనే. రానని చెప్పే ధైర్యం మా ఇంట్లో ఎవరికుంది?

అప్పటికి నా బిడ్డకు నాలుగు నెలలు. దాన్ని మా అవ్వతో వాకిట్లో ఉంచి, దొరసాని పట్టుచీర కట్టుకుని, ఆమె నగలు పెట్టుకుని కుర్చీలో కూర్చున్నాను. పాలివ్వడానికి మధ్యాహ్నం ఒక్కసారే లేవనిచ్చేవారు. పసిబిడ్డ తల్లిని కదలకుండా కూర్చోబెట్టి బొమ్మలు గీయించుకునే సోకేమిటని ఒళ్లు మండేది.

మూడో రోజుకు మెడ కిందిదంతా పూర్తయింది. ముఖం ఉండాల్సిన చోట వట్టి తెల్లగుడ్డ. ఆయన నన్నూ లేవమని చెప్పి అన్నానికి వెళ్లాడు. అప్పుడే వాకిట్లో బిడ్డ ఏడుపు అందుకుంది.

లేవబోయాను. లేవలేకపోయాను. తిమ్మిరి కాదు, తిమ్మిరి నాకు తెలుసు. ఒళ్లో పెట్టుకున్న చేతులు నావి కానట్టు ఉండిపోయాయి. గొంతు పెగల్లేదు. తలుపు బార్లా తెరిచే ఉంది. బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంటే నా రొమ్ముల నుంచి పాలు కారడం నాకు తెలుస్తూనే ఉంది.

అవ్వ బిడ్డను భుజానేసుకుని లోపలికి వచ్చింది. నాలుగడుగుల దూరంలో నిలబడి నా వైపే చూసింది.

"బాలమ్మా, ఏడ వోయినవే? పోరి గుక్కపట్టి ఏడుస్తాంది."

గది నాలుగు మూలలా వెతికింది. "గీ ఎండల ఏడికి వోయిందో" అని గొణుక్కుంటూ బయటికి పోయింది. పక్కనే ఉండి నా బిడ్డను అందుకోలేకపోయాను.

ఎంతసేపయిందో తెలియదు. పటాలాయన తిరిగొచ్చి, పటం మీద చెయ్యి వేసి ఉలిక్కిపడ్డాడు. అప్పుడు నా కాళ్లు కదిలాయి. పటంలో రొమ్ము దగ్గర తెల్లటి తడి కిందికి కారుతోంది.

"పాలెవరు పోసిన్రు దీని మీద?" అని నా మీద కోపం చేశాడు.

నా రవిక తడిమి చూసుకున్నాను. పొడిగా ఉంది.

నగలు తీసి అక్కడే పడేసి వాకిట్లోకి ఉరికాను. బిడ్డను రొమ్ముకు ఆనించాను. అది చీకింది, వదిలేసి ఏడ్చింది, మళ్లీ చీకింది. చుక్క రాలేదు. ఆ తర్వాత కూడా ఎన్నడూ రాలేదు. మేకపాలు తాగించి దాన్ని బతికించుకున్నాను.

అవ్వ పోయేదాకా ఒకటే మాట. "నీ మీద ఒట్టు బిడ్డా, కుర్చీల ఎవ్వలు లేకుండిరి." ఆమె అబద్ధమాడే మనిషి కాదు. చూపు కూడా నాకంటే బాగుండేది.

భయానికి పాలెండిపోతాయని దవాఖానలో చెప్పారు. కావచ్చు. నా బిడ్డ ఆకలికి ఏడుస్తుంటే దాని నోట్లో పడాల్సిన పాలు ఆ గుడ్డ మీదికి ఎట్లా పోయాయో మాత్రం ఎవరూ చెప్పలేదు. నాకూ తెలియదు.